ఏకాంత శీతకాలం

1934లో అమెరికా నావికాదళాధికారి రిచర్డ్ బైర్డ్ అంటార్కిటికాలో వాతావరణ పరిశీలనకై ఒక చిన్న చెక్కగదిలో శీతకాలంలో నెలల తరబడి ఒంటరిగా నివసించాడు. సహచరులున్న స్థావరం అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరం. నెలల తరబడి సూర్యుడు ఉదయించడు. ప్రతిదినమూ శీతోష్ణస్థితిని, గాలివేగాన్ని నమోదు చేయడం అతని విధి.

పొయ్యి నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అతనిని మంచం పట్టించింది. పొయ్యి వెలిగిస్తే విషం. ఆర్పితే ప్రాణాంతకమైన చలి. అయినా అతడు సహాయం కోరలేదు. తన కొరకు ఆ చీకటిలో బయలుదేరినవారు ప్రాణాలు కోల్పోతారేమోనని భయపడి వ్యాధిని దాచాడు. కాని రేడియో సందేశాలలోని తడబాటును మిత్రులు గ్రహించారు. వారిలో ముగ్గురు మంచుదారిలో ప్రయాణించి, ఆగస్టు 10న అతనిని చేరుకొన్నారు.

ప్రశ్న: బైర్డ్ తన అనారోగ్యాన్ని ఎందుకు దాచాడు? అది సమంజసమేనా?