నీటిలోని డిటర్జెంటును కొలుచు పాదరసబిందువు

జగ్గయ్యపేట ప్రాంతము సున్నపురాతి నేల. సున్నము కరిగిన కఠినజలములో సబ్బు నురగనీయక విరిగిపోవును. డిటర్జెంటుకు ఆ చిక్కు లేదు. అయితే పాలేటిలోను, నందిగామ చెంత మునేటిలోను ఉతికిన బట్టల డిటర్జెంటు ఆ నీటిలోనే కలియును. నురగ కనబడినచో ఎవరైనను గుర్తింతురు. నురగ కనబడని లేశమాత్రమును కొలుచుటెట్లు?

త్రాగునీటిలో అయానిక డిటర్జెంట్లు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించరాదనియు, వేరొక నీటివనరు లేనిచో 1.0 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. దీనికి వాడుకలోనున్నది మిథిలీన్ బ్లూ పద్ధతి. డిటర్జెంటు ఈ రంగుతో జతకట్టి క్లోరోఫారములోనికి చేరగా, ఆ నీలిమను కొలుతురు. కాని విద్యుదావేశము లేని డిటర్జెంట్లు ఇందులో చిక్కవు.

డిటర్జెంటు అణువుకు ఒక కొన నీటిని కోరును, రెండవది నీటిని విడిచిపోగోరును. కనుక అది నీటి సరిహద్దున చేరును. విద్యుద్రసాయన పద్ధతులకు ఈ గుణమే ఆధారము.

1922లో ప్రాగ్ నగరమున హెయిరోవ్‌స్కీ, జారిపడు పాదరసబిందువును ఎలక్ట్రోడుగా గైకొని పోలరోగ్రఫీని కనుగొనెను. 1959లో నోబెల్ బహుమతి పొందెను. ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. బిందువు చుట్టును ద్రవము సుడి తిరిగి, విద్యుత్తు ఒక్కొక్కచోట అమితముగా పెరుగును. చిటికెడు గెలాటిన్ కలిపిన అణగును. అది బిందువుపై పేరుకొని సుడిని ఆపును. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ చిక్కునే సాధనముగా మలచుకొనిరి. ఆక్సిజన్ కలిగించు ఆ పెరుగుదల ఎంత అణగినదో చూచి, నీటిలోని తలక్రియాశీల పదార్థమెంతో చెప్పుదురు.

రెండవ మార్గమున స్వల్పమైన ఏకాంతర వోల్టేజి నిచ్చి, బిందుతలపు విద్యుత్ ధారకతను కొలుతురు. డిటర్జెంటు అణువులు నీటి అణువులను తొలగించి ఆ తలమున కూర్చుండగా ధారకత తగ్గును. ఏటినీటికి పొటాషియం క్లోరైడు వంటి లవణమును ముందుగా కలుపవలెను.

ఇచట విద్యార్థులు ఒకటి మరువరాదు. పాదరసబిందువు పదార్థము పేరెరుగదు. కుళ్ళిన ఆకుల ద్రవ్యములును, కుంకుడుకాయ రసమును గూడ దానిపై చేరును. అందుచేతనే ఫలితమును "ఇంత ట్రైటాన్ ఎక్స్-100కు సమానము" అని వ్రాయుదురు. దేనితో పోల్చితిమో చెప్పని అంకె అర్ధసత్యము. రేవుకు దిగువ నీటితోబాటు ఎగువ నీటిని గూడ పరీక్షించినగాని రేవుపై నింద మోపరాదు. నీటి మేలుకోరి పరీక్షించు మనము, విషమైన పాదరసమును తూములో పారబోయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.