ఎక్కకుండా దిగితే: హెలికాప్టరూ, సైకిలూ, బ్రేకు వేడీ

పోయిన డిసెంబర్ సెలవుల్లో మేం ముగ్గురం హార్స్‌లీ హిల్స్ మీద నుంచి సైకిళ్ళపై దిగాం. దిగాం అంతే, ఎక్కలేదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకోవాలి. మదనపల్లెలో సైకిళ్ళు అద్దెకు తీసుకుని, టాటా ఏస్‌లో పడేసి, డ్రైవరన్నతో కబుర్లు చెప్పుకుంటూ పైకెళ్ళి, టీ తాగి దిగడం మొదలుపెట్టాం. కొన్ని మలుపులు దాటేసరికి రబ్బరు కాలిన వాసన. వెనకనుంచి మావాడు "రేయ్, బ్రేకు పట్టడంలే!" అని అరిచాడు. నేను తిరిగి చూసేసరికి వాడు రోడ్డు పక్క కాలవలో ఉన్నాడు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. వాడి ల్యాబ్ రికార్డులన్నీ మేమే రాశాం.

కట్టుతో కూర్చుని వాడొక ప్రశ్న అడిగాడు. "మనం తొక్కనే లేదు కదరా, ఊరికే కూర్చుని దిగాం. మరి అంత వేడి ఎక్కడినుంచి వచ్చింది?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు. వెతుకుతూ వెతుకుతూ వెళ్తే, మేం చేసిన పనినే చాలా పెద్ద ఎత్తున చేసేవాళ్ళు కనిపించారు. వాళ్ళకి టాటా ఏస్ బదులు హెలికాప్టర్ ఉంటుంది. దాన్ని హెలీ-బైకింగ్ అంటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్ చుట్టుపక్కల ఇది బాగా జరుగుతుంది. నేను బ్రిటిష్ కొలంబియా సంగతే తీసుకుంటున్నా.

అక్కడ కొలంబియా నది ఒడ్డున రెవెల్‌స్టోక్ అని చిన్న ఊరుంది. ఎత్తు సముద్రమట్టానికి సుమారు 480 మీటర్లు. ఊరికి దక్షిణంగా సెల్కిర్క్ పర్వతాల్లో మౌంట్ కార్టియర్ ఉంది, 2,600 మీటర్లు దాటిన శిఖరం. హెలికాప్టర్ రైడర్లని పైన వెన్నుగట్టు మీద దించి వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి లోయదాకా దాదాపు 2,000 మీటర్ల దిగుడు. పైన చెట్లుండవు. చలికి చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు అది. రాయి, గడ్డి, చిన్నచిన్న పూలు, అక్కడక్కడా జులైలో కూడా కరగని మంచు. దాన్నే ఆల్పైన్ ప్రాంతం అంటారు. కిందికి వచ్చేకొద్దీ అడవి చిక్కబడుతుంది, వేర్లు, తడి మట్టి, బురద. ఒకే దిగుడులో మూడు నాలుగు రకాల నేల. మంచు కరిగాక మళ్ళీ మంచు పడేలోపు, అంటే ఏడాదిలో రెండు మూడు నెలలే ఈ ఆట.

ఆ కొండల్లో హెలికాప్టర్ కొత్తది కాదు. 1965లో హాన్స్ గ్మోజర్ అనే ఆస్ట్రియన్ గైడు బుగబూ పర్వతాల్లో స్కీయింగ్ చేసేవాళ్ళని హెలికాప్టర్‌లో పైకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత చలికాలమంతా స్కీలు మోసిన యంత్రాలు ఎండాకాలం సైకిళ్ళు మోయడం పెద్ద ఆశ్చర్యమేం కాదు.

ఇక హెలికాప్టర్ ఎక్కేముందు ప్రతి మనిషినీ, బ్యాగునీ తూకం వేస్తారు. మొహమాటం ఉండదు. రెక్క గాలిని కిందికి తోస్తేనే యంత్రం లేస్తుంది. గాలి పలచబడితే ఆ తోపు తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర ఘనమీటరు గాలి 1.225 కిలోలుంటే, 2,500 మీటర్ల ఎత్తులో 0.957 కిలోలే. అంటే 22 శాతం పోయింది. పైగా ఎండ ఎక్కువగా ఉంటే గాలి ఇంకా పలచన. పైలట్లు డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే లెక్క వేసుకునేది ఇందుకే: కొండ ఎత్తు ఎంత అని కాదు, గాలి ఎంత ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తోంది అని. పొద్దున్నే నలుగురిని దించిన చోట మధ్యాహ్నం ముగ్గురినే దించాల్సి రావచ్చు. సైకిళ్ళు లోపల పట్టవు. బయట బిగించిన స్టాండు మీదో, కింద వేలాడే వలలోనో వెళ్తాయి.

దిగాక ఒక నియమం ఉంది, నాకు భలే నచ్చింది. ఏటవాలు నేల మీద దిగిన హెలికాప్టర్ దగ్గరికి ఎప్పుడూ పల్లం వైపునుంచే రావాలి, పల్లం వైపుకే పోవాలి. మిట్ట వైపు నేల పైకి లేచి ఉంటుంది కాబట్టి తిరిగే రెక్కకీ మన తలకీ మధ్య దూరం తగ్గిపోతుంది. తోక వైపు అసలు పోకూడదు. చెప్తే అంతేగా అనిపిస్తుంది, జామెట్రీలో ఒక్క బొమ్మ గీస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు మావాడి ప్రశ్న. మనిషి, సైకిలు, బ్యాగు కలిపి 100 కిలోలు అనుకుందాం. ఎత్తు 2,000 మీటర్లు. ఇంటర్ ఫిజిక్సే: బరువు ఇంటూ జి ఇంటూ ఎత్తు. సుమారు 20 లక్షల జౌల్స్, అంటే 2 మెగాజౌల్స్. కరెంటు బిల్లు భాషలో అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ. ఇంతేనా అనిపించింది నాకు. కానీ ఆ అర యూనిట్‌తో దాదాపు ఆరు లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా తేవచ్చు. పైన నిలబడ్డ ప్రతి రైడర్ దగ్గరా ఆ ఆరు లీటర్ల వేడి దాగి ఉంది. కిందికి వచ్చి ఆగాడంటే అదంతా ఎక్కడో ఒకచోట వదిలేశాడన్నమాట. కొంత గాలికి, కొంత టైర్లకి, కొంత షాక్ అబ్జార్బర్లకి పోతుంది. తారురోడ్డు మీద వేగంగా పోతే గాలే చాలా తినేస్తుంది. కానీ నిట్రమైన కొండదారిలో మెల్లగా దిగేటప్పుడు గాలి సాయం తక్కువ, ఎక్కువ భాగం బ్రేకుల నెత్తినే.

మేం తొక్కలేదు నిజమే. ఆ ఎత్తుని మాకు ఇచ్చింది టాటా ఏస్ డీజిలు. హెలికాప్టర్ అయితే ఇంకా దారుణం. అక్కడ ఎక్కువగా వాడే రకం, ఎయిర్‌బస్ హెచ్125 లాంటిది, గంటకి సుమారు 180 లీటర్ల ఇంధనం తాగుతుంది. పది నిమిషాలు ఎగిరితే 30 లీటర్లు, వెయ్యి మెగాజౌల్స్ పైనే. ఐదుగురికి తలా రెండు చొప్పున దక్కింది పది. వంద రూపాయలు ఖర్చుపెడితే రూపాయి పని. ఆ రూపాయిని కూడా మనం బ్రేకులో కాల్చేస్తాం! ఇది తప్పా ఒప్పా అని నన్నడిగితే, నేనూ టాటా ఏస్ ఎక్కినవాణ్ణే.

మొత్తం వేడి కంటే అది ఎంత తొందరగా వస్తోందన్నది ముఖ్యం. 25 శాతం వాలు, గంటకి 18 కిలోమీటర్ల వేగం. వేగం పెరగకుండా పట్టి ఉంచాలంటే బ్రేకులు దాదాపు 1,200 వాట్లు మింగాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు. రెండు బ్రేకులు సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 600 వాట్లు. డిస్కు బ్రేకులో ఉండే స్టీలు పళ్ళెం బరువు సుమారు 200 గ్రాములు. గాలి చల్లబరచడం అనేదే లేకపోతే ఆ పళ్ళెం సెకనుకి ఆరు డిగ్రీలు వేడెక్కుతుంది. అర నిమిషంలో 180 డిగ్రీలు! నిజంగా గాలి ఉంటుంది కాబట్టి అంత రాదు, అయినా చేత్తో ముట్టుకుంటే బొబ్బే.

ఆ వేడిలో కొంత లోపలి ద్రవానికి చేరుతుంది. హైడ్రాలిక్ బ్రేకులో మన వేలి బలాన్ని చక్రం దాకా మోసేది ఆ ద్రవమే, ద్రవం నొక్కితే కుంచించుకుపోదు కాబట్టి. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి మాత్రం నొక్కితే కుంచించుకుపోతుంది. అప్పుడు లివరు మెత్తగా హ్యాండిల్‌కి వచ్చి తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు. సీసాలో మూత తీసి పెట్టిన పాత ద్రవం ఎందుకు వాడొద్దంటారో నాకు అప్పుడర్థమైంది.

మావాడి సైకిలుకి ద్రవం లేదు, రిమ్ముని పట్టుకునే రబ్బరు ముక్కలే. అక్కడ దెబ్బతిన్నది రబ్బరు. మరీ వేడెక్కితే పైపొర కరిగి నున్నగా, గాజులా మెరుస్తుంది. పట్టు పోతుంది. వాడు భయంతో పైనుంచీ వెనక బ్రేకు ఒక్కసారి కూడా వదల్లేదు. జాగ్రత్త అనుకుని చేసిన పనే అది. అనుభవమున్న రైడర్లు దీనికి తిరగేసి చేస్తారు: మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేస్తారు. వదిలిన ఆ కాసేపట్లో పళ్ళేనికి గాలి తగులుతుంది. పైగా ముందు బ్రేకు వాడకుండా వెనకదాన్నే నమ్ముకుంటే సగం సామాను ఇంట్లో పెట్టి వచ్చినట్టే.

సరదా ఏమిటంటే, మౌంటెన్ బైకింగ్ చరిత్రలో మొదటి పేజీలోనే కాలిన బ్రేకు ఉంది. 1976 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో టామల్‌పైస్ కొండ దగ్గర ఒక మట్టిదారిలో కుర్రాళ్ళు పందెం పెట్టుకున్నారు. పాత లావు టైర్ల సైకిళ్ళు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు. ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజు పొగలై పోయేది, విప్పి మళ్ళీ గ్రీజు నింపాలి. అలా మళ్ళీ నింపడాన్ని రీప్యాక్ అంటారు. ఆ దారి పేరు రీప్యాక్ అయిపోయింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ, తర్వాత ఈ సైకిళ్ళని తయారుచేసి అమ్మినవాళ్ళంతా ఆ పొగలోంచి వచ్చినవాళ్ళే.

టైరు గాలి గురించి కూడా ఒక్క మాట. రెవెల్‌స్టోక్‌లో 25 పీఎస్ఐ కొట్టి పైకి తీసుకెళ్తే, బయటి ఒత్తిడి తగ్గింది కాబట్టి గేజిలో దాదాపు మూడు ఎక్కువ చూపించాలి. కానీ పైన చలి. 13 డిగ్రీల తేడా ఉంటే ఆ పెరుగుదలలో సగం పైగా తినేస్తుంది. ఈ లెక్క కోసం నేను ఒక రాత్రి పాడుచేసుకున్నా, చివరికి తేడా ఒకటిన్నర లోపే.

"ఊరికే కూర్చుని దిగాం" అన్నాడు కదా మావాడు. తిరుమల మెట్లదారిలో కాలినడకన దిగినవాళ్ళని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు కాళ్ళు వణుకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. ఆ రకం పనికే మర్నాడు నొప్పులు ఎక్కువ. రెండు వేల మీటర్ల దిగుడులో రైడరు సీటు మీద కూర్చోడు, పెడళ్ళ మీద వంగి నిలబడే ఉంటాడు. ముంజేతులు బిగుసుకుపోయి వేళ్ళు లివరుని పట్టలేవు. అంటే బ్రేకు బాగానే ఉన్నా దాన్ని నొక్కే చెయ్యి ఫెయిలవుతుంది. మధ్యమధ్యలో గైడు ఆపేది ఫోటోల కోసమే కాదు.

మావాడు పడ్డ పది నిమిషాల్లో ఒక కారు ఆగింది, గంటలో ఆస్పత్రిలో ఉన్నాం. కార్టియర్ గట్టు మీద కారు రాదు. ఫోను సిగ్నలు మీద ఆశ పెట్టుకోలేం కాబట్టి గైడు దగ్గర రేడియో, శాటిలైట్ పరికరం ఉంటాయి. హెలికాప్టర్‌ని పిలవచ్చు, అయితే మబ్బు కమ్మితే అది రాలేదు. చీకటి పడినా కష్టమే. అక్కడి గాలింపు-రక్షణ దళాల్లో ఎక్కువమంది వాలంటీర్లే, వాళ్ళు నడిచి రావాలి. అదే మణికట్టు, అదే విరుపు, కానీ అక్కడ అది ఒక రాత్రంతా చలిలో కూర్చోవడం కావచ్చు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే అడవి అది.

అక్కడ చక్రం బిగుసుకుని జారితే దెబ్బ రైడరుకొక్కడికే కాదు. ఆల్పైన్ గడ్డికి పెరిగే కాలం ఏడాదిలో కొద్ది వారాలే. జారిన టైరు గీసిన గాడిలోకి మంచునీళ్ళు చేరి దాన్ని కాలవ చేస్తాయి. హెలికాప్టర్ చప్పుడుకి కొండమేకలు, కారిబూలు బెదురుతాయని అక్కడివాళ్ళ గొడవ వేరే ఉంది. నేనైతే వాళ్ళ మాటలో న్యాయముందనే అనుకుంటున్నా.

మావాడి కట్టు విప్పారు. పిడికిలి ఇంకా పూర్తిగా బిగియట్లేదు, రోజూ మెత్తటి బంతి నొక్కుతూ కూర్చుంటున్నాడు. ఈ లెక్కలన్నీ చూపిస్తే చివరిదాకా విని, "అయితే ఈసారి ముందు బ్రేకు కూడా వాడాలి, అంతేనా?" అన్నాడు. మలుపు మలుపుకీ ఆగి రిమ్ము చూసుకోవాలని కూడా చెప్పా. డ్రైవరన్న నంబరు వాడి ఫోనులో ఇంకా ఉంది.