ఐఫోన్‌ని క్రాష్ చేసిన ‘జ్ఞా’: ఒక బగ్ రిపోర్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్‌కి ఆ అక్షరంతో మెసేజ్ వస్తే చాలు, మెసేజెస్ యాప్ తెరవగానే మూసుకుపోయేది. వాట్సాప్, జీమెయిల్ పరిస్థితీ అంతే. నోటిఫికేషన్‌లో కనిపిస్తే ఏకంగా హోమ్ స్క్రీన్‌ని నడిపే స్ప్రింగ్‌బోర్డే క్రాష్ అయ్యేది. అందరూ దీన్ని ‘తెలుగు బగ్’ అన్నారు. కానీ బగ్‌లను వర్గీకరించే పద్ధతిలో చూస్తే ఆ పేరు సరైంది కాదు. ఎందుకో అంచెలంచెలుగా చూద్దాం.

మొదటి అంచె: మళ్లీ వస్తుందా?

రిపోర్ట్ అందగానే ఇంజనీర్ చేసే మొదటి పని, ఆ తప్పును తన దగ్గర మళ్లీ తెప్పించడం. దీన్నే రీప్రొడ్యూస్ చేయడం అంటారు. మనం రోజూ ‘జ్ఞానం’ అని టైప్ చేస్తే ఐఫోన్‌కి ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు, ఆపైన దీర్ఘం వస్తేనే క్రాష్ అయింది. ఆ గుర్తు మనకి కొత్తదేం కాదు. ‘ఫోన్‌లో’ అని రాసినప్పుడు న-కి లో ఒత్తుగా అంటుకోకుండా ఆపేది అదే. ‘తెలుగు రాస్తే క్రాష్’ అని రిపోర్ట్ చేస్తే ఎవరూ రీప్రొడ్యూస్ చేయలేరు. కచ్చితమైన వరుస ఇస్తే ఒక్క నిమిషం పని.

రెండో అంచె: తప్పు ఎవరిది?

ఇక్కడ కాంపోనెంట్ తేలుస్తారు. వాట్సాప్ మూసుకుపోయింది కాబట్టి తప్పు వాట్సాప్‌ది అనుకుంటాం. నిజానికి అక్షరాలను తెరపై పేర్చే యాపిల్ కోర్‌టెక్స్ట్‌లో లోపం ఉంది. అందుకే మ్యాక్, వాచ్, యాపిల్ టీవీలకూ ఇది తగిలింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని సంయుక్తాక్షరాలతోనూ ఇదే క్రాష్ వచ్చింది. ‘తెలుగు బగ్’ అనే పేరు సరికాదన్నది ఇందుకే. తెలుగు అక్షరం లక్షణం మాత్రమే, కారణం కాదు.

మూడో అంచె: సివియారిటీ, ప్రయారిటీ

ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. సివియారిటీ అంటే దెబ్బ ఎంత పెద్దది అని. ప్రయారిటీ అంటే ఎంత త్వరగా బాగుచేయాలి అని. గూగుల్ ఇష్యూ ట్రాకర్‌లో సివియారిటీ ఎస్0 నుంచి ఎస్4 వరకు, ప్రయారిటీ పీ0 నుంచి పీ4 వరకు ఉంటాయి. సున్నా అంటే అన్నిటికంటే తీవ్రం. ఎవరూ తెరవని పాత మెనూలో క్రాష్ వస్తే సివియారిటీ ఎక్కువ, ప్రయారిటీ తక్కువ. హోమ్ స్క్రీన్‌పై కంపెనీ పేరు తప్పుగా పడితే దీనికి రివర్స్.

‘జ్ఞా’ విషయంలో ఐఓఎస్ 11.3 బీటాలో ఆ లోపం అప్పటికే లేదు. మామూలుగా అయితే ఆ వెర్షన్ వచ్చేదాకా ఆగొచ్చు. కానీ ఎవరైనా సరదాకి పంపిన ఒక్క మెసేజ్ అవతలివాళ్ల ఫోన్‌ని పడగొడుతోంది. అందుకే ఫిబ్రవరి 19న యాపిల్ విడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మెమరీ దెబ్బతినే లోపం కాబట్టి దీనికి సీవీఈ-2018-4124 అనే భద్రతా నంబర్ కూడా ఉంది.

నాలుగో అంచె: స్టేటస్

ప్రతి రిపోర్ట్‌కీ ఒక నంబర్, ఒక స్టేటస్ ఉంటాయి: న్యూ, అసైన్డ్, ఫిక్స్‌డ్, వెరిఫైడ్. ఒకరు ‘వాట్సాప్ పోయింది’ అని, ఇంకొకరు ‘జీమెయిల్ పోయింది’ అని రాసినా మూలం ఒకటే అయితే రెండోదాన్ని ‘డూప్లికేట్’ అని మొదటిదానికి కలుపుతారు. మళ్లీ తెప్పించలేకపోతే ‘నాట్ రీప్రొడ్యూసిబుల్’ అని మూసేస్తారు. చాలా రిపోర్ట్‌ల కథ ఇక్కడే ముగిసిపోతుంది.

మరి మనం ఎలా రాయాలి?

రాచర్ల నుంచి నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి వెళ్లారనుకోండి. నల్లమల అడవిలో సిగ్నల్ పోవడం బగ్ కాదు, అక్కడ టవర్ అందకపోవచ్చు. కానీ రాచర్ల తిరిగొచ్చాక సిగ్నల్ నిండుగా ఉన్నా, రీస్టార్ట్ చేస్తే తప్ప నెట్ రాకపోతే అది బగ్గే. ‘నెట్ రావట్లేదు బ్రో’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇవి రాయండి:

• ఫోన్ మోడల్, బిల్డ్ నంబర్, సిమ్ నెట్‌వర్క్
• వరుసగా ఏం చేశారు
• ఏం జరగాలి, ఏం జరిగింది
• ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు వచ్చింది
• ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేస్తే సరైందా

ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి బగ్ రిపోర్ట్ ఫైల్ తీసుకోవచ్చు. సమస్య వచ్చిన వెంటనే తీస్తేనే లాగ్‌లు దొరుకుతాయి. అందులో మీ వ్యక్తిగత సమాచారం ఉండొచ్చు కాబట్టి కంపెనీకి మాత్రమే పంపండి, గ్రూపుల్లో పెట్టకండి.

తెలుగులో ఒత్తులు విడిపోయినా, కీబోర్డ్ తప్పు అక్షరం వేసినా మన భాష కదా అని సర్దుకుపోకండి. స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ పదాన్ని టెక్స్ట్‌గా కూడా పంపండి. కనిపించని గుర్తు ఏదైనా ఉంటే అది టెక్స్ట్‌లోనే దొరుకుతుంది, ఫొటోలో దొరకదు.