గ్యాస్ బండ మరి నాలుగు రోజులు రావాలంటే

ఇంటి గ్యాస్ బండలో ఉండేది 14.2 కిలోల గ్యాస్. అది అనుకున్న రోజులు రాకపోతే పిల్లల ఫీజుకని దాచిన డబ్బులోనే చేయి పెట్టవలసి వస్తుంది. కందిపప్పును వండే ముందు అరగంట నానబెట్టండి, త్వరగా ఉడుకుతుంది. శనగలైతే రాత్రే నానాలి. గిన్నెలో నీళ్లు మరిగాక మూతపెట్టి మంట తగ్గించండి. మరిగే నీటికి ఎంత మంట పెట్టినా వేడి పెరగదు, ఆవిరే పోతుంది. తెలిసీ మనం పెద్ద మంటే పెడతాం! కుక్కర్‌లో ఆవిరి బయటకు పోదు గనుక నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మంట నీలంగా కాక పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి. ఇక ఇంట్లో మగవారికి, పిల్లలకు ఒక మాట: అందరూ ఒకే వేళకు భోజనానికి కూర్చుంటే అమ్మ కూరను మూడుసార్లు వేడిచేయనక్కరలేదు.