పాత జీపుకు బ్రేకులు
1941 నాటి విల్లీస్ జీపు ఎక్కని కొండ లేదంటారు. దిగే సంగతి ఎవరూ చెప్పరు! దాని బ్రేకు డ్రమ్ముల వ్యాసం 9 అంగుళాలే. ఘాట్ రోడ్డులో అదేపనిగా తొక్కితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది. పెడల్ కిందికి జారిపోతుంది. 11 అంగుళాల డ్రమ్ములు బిగిస్తే అదే ఘర్షణ బలానికి టార్కు సుమారు 22 శాతం పెరుగుతుంది.

డిస్కులే మేలు కదా అంటారు మన కుర్రాళ్ళు. నిజమే. కాని డ్రమ్ములో ముందు షూ చక్రం తిరిగే ఊపుకు తనంతట తానే బిగుసుకుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు. బూస్టరో, గట్టి కాలో కావాలి.

నన్నడిగితే ముందు మార్చవలసింది మాస్టర్ సిలిండరు. పాతది ఒకటే సర్క్యూటు. ఒక్క గొట్టం పగిలిందా, నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్లే. టాండెం సిలిండరు పెడితే ముందువో వెనకవో, రెండైనా మిగులుతాయి.