అన్నం పెట్టే ఇల్లు – లంకల గన్నవరం నుంచి మన కాలేజీ దాకా

గోదావరి జిల్లాల్లో పుట్టి ఆకలి మీద వ్యాసం రాయడమేమిటిరా అని మా గదిలో మిత్రుడు నవ్వాడు. అతని నవ్వులోనూ సబబు ఉంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. సుమారు 10 లక్షల ఎకరాల డెల్టాకి నీరు అందింది. అంతకు ముందు 1833 కరువు కోస్తా జిల్లాలను ఊడ్చిపెట్టింది, రాజమండ్రి జిల్లాలో జనాభాయే పడిపోయింది. ఆ తరువాత మన తాతలకి సార్వా, వారి పిల్లలకి దాళ్వా కూడా దక్కి, దేశానికి ధాన్యాగారం అని పేరు తెచ్చుకున్నాం. అయినా ఈ వ్యాసం ఎందుకు రాయవలసివచ్చిందో చెప్తాను.

ధాన్యం పండటం వేరు, అది పండించిన వాడి కంచంలోకి రావడం వేరు. మా ఊరివైపు పొలాల్లో చాలా భాగం కౌలుకి సాగవుతుంది. కోత అవ్వగానే బస్తాల లెక్కన కౌలు కొలవాలి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాలి. ఆ రెండూ పోగా మిగిలింది అమ్ముకుని, అదే రైతు మళ్ళీ రేషన్ షాపు బియ్యం తెచ్చుకుని వండుకుంటాడు. ఇక కూలి జనం సంగతి. నాట్లకీ కోతలకీ మధ్య పని ఉండదు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చి ఆ కోతలు కూడా సగానికి సగం పోయాయి. సముద్రం వైపు ఊళ్ళలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలు ఒడ్డునే. ఆగస్టులో వరదొస్తే లంకల్లో పొయ్యి రాజుకోదు. పెద్దవాళ్ళు 1986 వరద గురించీ, 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించీ చెప్పేటప్పుడు ఇళ్ళు పోవడం కంటే ముందు చెప్పేది తిండి దొరకని ఆ నాలుగు రోజుల సంగతే. వీటికి తోడు పిల్లలు దుబాయిలోనో కువైట్‌లోనో ఉండి, ఇంట్లో వండిపెట్టే మనిషి లేక మిగిలిన ముసలివాళ్ళు. డబ్బు వస్తుంది, అన్నం ఉడకదు. దీన్ని లేమి అనాలో ఒంటరితనం అనాలో నాకు తెలియదు గాని, కడుపుకి మాత్రం తేడా ఉండదు.

ఇంతకూ ఇక్కడ అన్నం పెట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ మాట ఎత్తగానే మన జిల్లా వాళ్ళకి ముందుగా గుర్తొచ్చే పేరు డొక్కా సీతమ్మ గారు. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీ శంకరం గారు వచ్చినవారికల్లా అన్నం పెడుతూండటం వల్ల ఆయన్ని ‘బువ్వన్న’ అనేవారట. లంకల గన్నవరం డొక్కా జోగన్న గారి ఇంటికి కోడలుగా వెళ్ళి, 1909లో పోయేవరకు ఆ ఇంట పొయ్యి ఆరనివ్వలేదు.

ఆ ఊరే ఎందుకు అంత పేరుకెక్కింది అనేది మనం కొంచెం ఆలోచించాలి. లంకల గన్నవరం గోదావరి పాయల మధ్య ఊరు. ఆ రోజుల్లో కోనసీమలో ఎటు వెళ్ళాలన్నా రేవు దాటాలి. గాలి తిరిగినా, నీరు పెరిగినా, చీకటి పడినా పడవ కదలదు. హోటళ్ళు లేవు. ఉన్న పూటకూళ్ళ ఇళ్ళలో డబ్బు ఉండాలి, పైగా కులం చూసి పెట్టేవారు. సత్రాలు చాలావాటిలో కూడా అంతే. రేవులో చిక్కుకున్న బాటసారి పెళ్ళివాడైనా కూలివాడైనా అర్ధరాత్రి ఎక్కడికి పోతాడు? ఆకలి ఎక్కడ పుడుతోందో సరిగ్గా అక్కడే ఆ వంటిల్లు ఉంది. కులమూ వేళా చూడకుండా ఆమె పెట్టారని మా అమ్మమ్మ తరం దాకా చెప్పుకున్నారు. దానధర్మాల గురించి ఉపన్యాసాలు చెప్పేవారు ఆమె మనసు ఎంత గొప్పదో చెప్తారు. ఆ ఇల్లు ఉన్న చోటు గురించి ఎవరూ చెప్పరు.

ఆమెను గురించి ఒక కథ ఉంది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఎదురైన పెళ్ళివారిలో పిల్లలు ఆకలికి ఏడుస్తూంటే, ఇంకాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట అన్నం దొరుకుతుంది అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారట. అది విని ఆమె స్వామి దర్శనం మాని వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి ఎసరు పెట్టారట. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం వార్షికోత్సవానికి పిలుపు వస్తే వెళ్ళలేదనీ, ఆమె ఫొటో తీయించి పంపించారనీ ఇంకో కథ. మనకు చదువుకున్నవాళ్ళం కనుక రెండో కథ ఎక్కువ నచ్చుతుంది. నాకైతే మొదటిదే గొప్పగా కనిపిస్తుంది. ఆ పెళ్ళివారు సీతమ్మ గారిని అడగలేదు. అడగక్కర్లేదని వాళ్ళకి ముందే తెలుసు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ వంటిల్లు నడిచింది ఒక కుటుంబం పొలం మీద, ఒక మనిషి రెక్కల మీద. ఇలా ఒక ఇంటిమీద ఆధారపడినది ఆ మనిషి తరువాత ఎన్నాళ్ళు అదే తీరున నిలుస్తుంది? కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ గారు రంగూన్‌లో గడించిన ఆస్తిని వీలునామా రాసి ధర్మానికి వదిలారు కనుకనే ఆ పేరున ఇప్పటికీ విద్యాసంస్థలు నడుస్తున్నాయి. కాగితం మీద పడ్డ ధర్మానికి ఆయుష్షు ఎక్కువ. కానీ కాగితం వచ్చాక గుమాస్తా వస్తాడు, నువ్వెవరు అని అడగడం మొదలవుతుంది.

ఇప్పుడు ‘ఫుడ్ బ్యాంక్’ అనే మాట వింటున్నాం. అది మొదలైంది 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన ఒక ధర్మ భోజనశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవాడు. కిరాణా దుకాణం వెనక పారేసిన సరుకులోంచి తిండి ఏరుకుని పిల్లల్ని పోషించుకుంటున్న ఒక తల్లి, డబ్బుకి బ్యాంకు ఉన్నట్టు తిండికీ ఒకటి ఉంటే బాగుండును, ఉన్నవాళ్ళు వేస్తారు, లేనివాళ్ళు తీసుకుంటారు అన్నదట. ఆ మాట పట్టుకుని ఆయన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ స్థాపించాడు. అక్కడ బ్యాంకు అంటే నిజానికి గిడ్డంగి. కంపెనీలూ దుకాణాలూ మిగులు సరుకు వేస్తాయి, అక్కడినుంచి భోజనశాలలకీ, పేద కుటుంబాలకీ పోతుంది. మన భాషలో చెప్పాలంటే ఊరుమ్మడి గాదె.

మన దగ్గర ఆ గాదెలోకి ఏది వస్తుంది? అమెరికాలో డబ్బా సరుకు మిగులుతుంది, మన దగ్గర పెళ్ళి భోజనం మిగులుతుంది. పట్టణాల్లో కుర్రవాళ్ళు ఫోను చేస్తే ఫంక్షన్ హాలుకి వచ్చి గిన్నెలు పట్టుకెళ్ళి బస్టాండుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర పంచుతున్నారు. మంచి పనే. కాని మన ఉక్కపోతలో వండిన అన్నం ఎంతసేపు నిలుస్తుంది? మధ్యాహ్నం ఒంటిగంట సాంబారు రాత్రికి పులిసిపోతుంది. పులిహోర కాస్త ఆగుతుంది, పెరుగన్నం అసలు ఆగదు. పైగా ముహూర్తాలు ఉన్న నెలలో పీకలదాకా ఉంటుంది, మూఢంలో ఏమీ ఉండదు. ఆకలికి ముహూర్తాలు లేవు కదా! కనుక మిగిలిన అన్నం మీద ఆధారపడితే రోజూ పెట్టలేం. నిలవుండేది బియ్యమే. మన పెద్దవాళ్ళు గాదెలు, పురులు కట్టింది అందుకే. వండేముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసే అలవాటు కూడా అందుకే పుట్టి ఉంటుంది.

సర్కారు వారి గాదె కూడా ఉంది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు పల్లెల్లో కూలివాళ్ళు గంజి మానేసి అన్నం తిన్నారని మా నాన్న చెప్తారు. ఆ తరువాత 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి అది హక్కు అయ్యింది, మనిషికి నెలకు 5 కిలోలు. ఇది ఎవరి దయా కాదు, సీతమ్మ గారి తరానికి అందని సంగతి ఇది. కానీ కార్డు ఉండాలి, వేలిముద్ర పడాలి. అరవై ఏళ్ళు వరినాట్లు వేసిన చేతికి గీతలే అరిగిపోతే మిషన్ ఏం గుర్తుపడుతుంది? బియ్యం ఇచ్చినా వండుకునే ఓపిక ఉండాలి కూడా.

వండి పెట్టే పనిలో 2018లో అన్న క్యాంటీన్లు వచ్చాయి, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. పూటకి 5 రూపాయలు. నేను ఆ వరుసలో చాలాసార్లు నిలబడ్డాను. ముందు ఆటో అతను, వెనక ఆసుపత్రికి వచ్చిన పల్లెటూరి దంపతులు, పక్కన కోర్టు గుమాస్తా లాంటి పెద్దమనిషి. ఎవరూ ఎవరినీ చూడరు. ఆ అయిదు రూపాయలు వంట ఖర్చుకి ఏ మూలకీ చాలవు, కాని అవి చేతిలో ఉండటం వల్ల మనిషి తలెత్తుకుని ప్లేటు అందుకుంటాడు. ఉచితంగా పెడితే ఇంకా గొప్ప కదా అనే మిత్రులతో నేను ఏకీభవించను.

బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం 2003 నుంచి ఉంది. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ ఇచ్చారు. సంతోషం. మరి ఇంటర్ పాసై మన గేటులోకి అడుగుపెట్టిన కుర్రవాడికి ఆకలి ఆగిపోతుందా?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా తరగతిలో ఒకడు లంక గ్రామం నుంచి వస్తాడు. తెల్లవారుజామున పంటు దాటి, బస్సు పట్టుకుని, పదింటికి క్లాసులో ఉంటాడు. మధ్యాహ్నం మేము క్యారేజీలు విప్పేసరికి వాడు కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని లైబ్రరీలో కూర్చుంటాడు. “ఒరేయ్, తినవా?” అంటే “ఆకలి లేదురా, పొద్దున్నే తినొచ్చాను” అంటాడు. ఒకరోజు నేను అందరి ముందు నా క్యారేజీలో ఒక గిన్నె తీసి వాడి ముందు పెట్టాను. తిన్నాడు. మరునాటి నుంచి మా వైపు రావడం మానేశాడు. పరీక్షల దాకా మాట్లాడలేదు. నేనేం తప్పు చేశానని మా అమ్మమ్మని అడిగితే, “కంచం ముందు కూచున్నోణ్ణి నలుగురూ చూసేలా పెట్టకూడదు బాబూ” అంది. నేను సీతమ్మ గారి కథ తిరిగి ఆలోచించింది అప్పుడే.

అందుకని విద్యార్థి సంఘం ముందు ఒక లెక్క పెడుతున్నాను. ఒక మనిషి ఒక పూట తినే అన్నానికి సుమారు 150 గ్రాముల బియ్యం, అంటే ఇంచుమించు ఒక గ్లాసు. 300 మంది వారానికి ఒక్క గ్లాసు తెస్తే 45 కిలోలు. అది వారానికి 300 భోజనాలు, ఆరు రోజులకి పంచితే రోజుకి 50. బియ్యం వరకు ఇంతే. అసలు ఖర్చు కందిపప్పు, నూనె, గ్యాసు, వండే మనిషి జీతం. వండే ఆవిడ చేత ఉచితంగా చేయించుకుని మనం దాతలమనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. దానికి వార్షికోత్సవం లైటింగు ఖర్చులో కొంత తగ్గించుకోవచ్చు. సాంస్కృతిక కార్యదర్శి గారికి కోపం వస్తే రానివ్వండి.

పేర్లు రాసుకోకూడదు. ‘పేద విద్యార్థుల భోజన పథకం’ అని బోర్డు పెడితే మొదటిరోజే మా వాడు లైబ్రరీకి వెళ్ళిపోతాడు. బియ్యం తెచ్చినవాడూ తేనివాడూ ఒకే బంతిలో కూర్చోవాలి, నాలాంటి క్యారేజీ వాళ్ళు కూడా వారానికి రెండు రోజులైనా అక్కడే తినాలి. అయిదు రూపాయలు వేసే హుండీ ఉంచితే మంచిది. బియ్యం డబ్బాకి మూత ఉండాలి, ఆ మూతకి చేయి పట్టేంత కన్నం చాలు. ఎవరు గ్లాసు పోశారో, ఎవరు ఉత్త చేయి పెట్టి తీశారో పక్కవాడికి కనబడకూడదు.

పి. గన్నవరం దగ్గర వైనతేయ మీద పాత అక్విడెక్టు పక్కనే కట్టిన కొత్తదానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. కింద ఏరు పోతూంటే పైన కాలవ పోతుంది. ఆ నీటితో పండిన బియ్యమే ఈ వేసవి సెలవుల తరువాత ఒక బస్తా తెస్తానని మా లంక మిత్రుడు మొన్న నాతో అన్నాడు. వాళ్ళ నాన్న కౌలు కొలవగా మిగిలితే అని కూడా అన్నాడు. స్టోరు గది తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో సంఘం వచ్చే సమావేశంలో తేల్చాలి.