బొమ్మ మీద పొర – పొర వెనుక లెక్క

మీ ఇంట్లో తాతగారి పాత ఫోటో ఒక్కటే ఉందనుకోండి. దానిమీద మరక పడింది. మరక కప్పబోయి రంగు వేస్తే ముఖమే చెడిపోవచ్చు. ఫోటో మీద గాజు పలక పరచి, రంగును పలక మీద వేస్తే ఆ భయం లేదు. నచ్చకపోతే పలక తీసేయవచ్చు.

పూర్వం కార్టూన్ సినిమాలకు ఇలాగే కదిలే బొమ్మలను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద వేసేవారు. 1994లో వచ్చిన ఫోటోషాప్ 3.0లో ఈ రేకులే 'లేయర్లు', అంటే పొరలు అయ్యాయి.

మరి కంప్యూటర్‌లో గాజు ఎక్కడిది? అంతా లెక్కే! చిత్రమంటే పిక్సెళ్లనే చుక్కల కూర్పు. మామూలుగా ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో 0 నుంచి 255 వరకు అంకెలతో సూచిస్తారు. పై పొరలో ఎరుపు 200, కింది పొరలో 100 అనుకుందాం. పై పొర చిక్కదనం 25 శాతంగా ఉంచితే, 200లో 25 శాతం 50. 100లో మిగతా 75 శాతం 75. మొత్తం 125. తెరమీద కనిపించేది ఇదే. కింది పొరలోని 100 మాత్రం భద్రంగానే ఉంటుంది.

వెలుగును సరిదిద్దే పొరలూ ఉన్నాయి. వాటిలో బొమ్మ ఉండదు. కింది అంకెలను ఎలా మార్చి చూపాలన్న సూచన మాత్రమే ఉంటుంది.

ఒక జాగ్రత్త! పొరలన్నీ కలిపి జేపెగ్ ఫైలుగా దాస్తే ఒక్క చిత్రమే మిగులుతుంది. మన 125 ఏ రెండు అంకెల నుంచి వచ్చిందో ఇక తెలియదు. కనుక పొరలున్న ఫైలును విడిగా దాచుకోండి.

చిక్కదనం 50 శాతమైతే ఎంత వస్తుంది? మీరే లెక్కకట్టండి.

(జవాబు: 150)